పెద్ద బిల్లు వెనక చిన్న భాగం: ఇంటి కారు మళ్లీ మళ్లీ షెడ్డుకు ఎందుకు వెళ్తుంది?

క్లుప్తంగా: ఇంజన్ సీజ్ కావడం (లోపల పట్టేసి తిరగకపోవడం), గేర్‌బాక్స్ పోవడం లాంటి ఖరీదైన వైఫల్యాల్లో చాలావాటికి మొదలు ఒక చవక భాగమే. ఒక హోస్ పైపో, సీలో, గడువు దాటిన ఆయిలో అయి ఉంటుంది. కొన్ని మోడళ్లలో మాత్రం తప్పు డిజైన్‌లోనే ఉంటుంది. అక్కడ ఎంత జాగ్రత్తగా వాడినా కొంతవరకే ఫలితం. తమ కారు ఈ రెండింటిలో ఏ కోవకు చెందిందో తేల్చుకున్నాకే బాగు చేయించాలా, అమ్మేయాలా అన్న లెక్క మొదలుపెట్టాలి.

ఒకే కారుకు ఏడాదిలో మూడు నాలుగు పెద్ద మరమ్మతులు వస్తే అదంతా దురదృష్టమని సరిపెట్టుకోవడం మామూలే. కానీ బిల్లులను తేదీల వరసలో పేర్చి చూస్తే, చాలాసార్లు అవన్నీ ఒకే జబ్బు తాలూకు దశలని తేలుతుంది. పెట్రోలు ఇంజన్‌లో వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజన్ పైమూత అంచున ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు పట్టీ) సంగతే తీసుకోవచ్చు. ఏళ్ల తరబడి వేడికి దాని రబ్బరు గట్టిపడి ఆయిల్ కారడం మొదలవుతుంది. ఆ ఆయిల్ స్పార్క్ ప్లగ్ గుంటలోకి దిగి ప్లగ్‌కు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ తొడుగును పాడు చేస్తుంది. కరెంటు పక్కదారి పట్టి ఆ సిలిండర్‌లో మిస్సింగ్ (ఇంధనం సరిగ్గా మండకపోవడం) వస్తుంది. మండకుండా మిగిలిన పెట్రోలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి, లోపలి పింగాణీ జల్లెడను కరిగిస్తుంది. యజమాని చేతికి వచ్చేవి ముందు కాయిల్ బిల్లు, ఆ తర్వాత దానికి ఎన్నో రెట్లుండే కన్వర్టర్ బిల్లు. రెండింటికీ కారణం ఒక్క రబ్బరు గ్యాస్కెట్.

డ్యాష్‌బోర్డు మీది చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతుంటే సమయం చూసుకుని స్కాన్ చేయించవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే కన్వర్టర్‌ను దెబ్బతీసేంత మిస్సింగ్ ఆ క్షణంలోనే జరుగుతోందని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపాలి.

వేడి: అరగంటలో ఇంజన్‌ను పాడు చేసేది

ఖరీదైన వైఫల్యాల్లో అతి వేగంగా ముంచుకొచ్చేది ఓవర్‌హీట్. ఇంజన్ మామూలుగా 90 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల పని చేస్తుంది. థర్మోస్టాట్ 82 నుంచి 92 డిగ్రీల మధ్య తెరుచుకుని కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు పంపుతుంది. దీనికి తోడు రేడియేటర్ మూత చేసే పనిని చాలామంది గమనించరు. మూతలోని స్ప్రింగ్ వ్యవస్థలో సుమారు 1 బార్ పీడనాన్ని నిలబెడుతుంది. ఆ పీడనంలో వట్టి నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు అరిగి పీడనం నిలవకపోతే, రేడియేటర్, పంపు, ఫ్యాను అన్నీ బాగున్నా కూలెంట్ ముందుగానే మరిగి పొంగిపోతుంది. కాబట్టి ‘బండి హీటెక్కుతోంది’ అన్న ఫిర్యాదుతో షెడ్డుకెళ్లినప్పుడు మొదట మార్చి చూడాల్సింది మూతే. రేడియేటర్ దాకా వెళ్లడం ఆ తర్వాతి మాట.

ఇటీవలి దశాబ్దాల కార్లలో థర్మోస్టాట్ గూడు, వాటర్ పంపు రెక్కలు, హోస్‌లను కలిపే మూలలు, రేడియేటర్ చివర్ల ట్యాంకులు ఎక్కువగా ప్లాస్టిక్‌వే. వేడెక్కి చల్లారే ఆవృతి వేలసార్లు జరిగాక ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ముందు సన్నటి చీలిక వస్తుంది. కూలెంట్ వేడి ఇంజన్ మీద పడి ఆవిరైపోతుంది కాబట్టి నేల మీద మరక కనిపించదు. ట్యాంకులో మట్టం నెలనెలా కాస్త తగ్గుతుంది. దాంట్లో నీళ్లు పోసి సరిపెట్టుకోవడం దగ్గరే అసలు నష్టం మొదలవుతుంది. మూసి ఉన్న కూలింగ్ వ్యవస్థలో మట్టం తగ్గుతోందంటే ఎక్కడో ఒకచోట లీకు ఉన్నట్టే. చేతి పంపుతో వ్యవస్థకు పీడనం ఎక్కించి చూసే పరీక్షకు పావుగంట చాలు. పైగా ఊరికే నీళ్లు కలుపుతూ పోతే కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు పలచబడి, అల్యూమినియం హెడ్‌ను (సిలిండర్ల పైభాగాన్ని మూసే లోహపు దిమ్మను) తుప్పు లోపలి నుంచి తినేయడం మొదలవుతుంది.

ఉష్ణోగ్రత చూపే ముల్లును పూర్తిగా నమ్మలేం. చాలా ఆధునిక కార్లలో సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలబడేలా సాఫ్ట్‌వేర్ రాసి ఉంటుంది. అది కదిలి పైకి వెళ్లేసరికే ఇంజన్ ప్రమాదపు అంచున ఉంటుంది. కూలెంట్ మొత్తం పోతే ఇంకో చిక్కు ఉంది. సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. చుట్టూ ఆవిరి మాత్రమే మిగిలినప్పుడు ముల్లు కిందికి కూడా పడొచ్చు. హీటర్ వేస్తే చల్లగాలి రావడం, ముల్లు ఉన్నట్టుండి పడటం కలిసి కనిపిస్తే కూలెంట్ అయిపోయినట్టే భావించాలి. కారు కంప్యూటర్ వివరాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న స్కానర్, ఫోన్‌లో అసలు డిగ్రీలు చూపించే యాప్ ఉంటే ఈ సందిగ్ధం ఉండదు.

ఓవర్‌హీట్ ఎర్రలైటు వెలిగాక మరో రెండు కిలోమీటర్లు లాగించడం ఈ మొత్తం కథలో అతి ఖరీదైన నిర్ణయం. అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది. హెడ్ సమతలంగా ఉండటంలో అనుమతించే తేడా చాలా ఇంజన్లలో 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్లే. అంతకు మించి వంగితే హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పట్టు వదిలి, సిలిండర్‌లో ఇంధనం మండగా వచ్చిన పేలుడు వాయువు కూలెంట్‌లోకి చొరబడుతుంది. బండి ఆపిన తర్వాత వేడిగా ఉన్నప్పుడు మూత తెరవకూడదు. పీడనం ఒక్కసారిగా పోవడంతో మరుగుతున్న ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది.

హెడ్ గ్యాస్కెట్ పోయిందా లేదా అన్నది అనుమానంతో తేల్చే విషయం కాదు. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ ఒక్కటే చాలదు. చిన్న చిన్న దూరాలకే వాడే కార్లలో తేమ వల్ల కూడా అది పడుతుంది. నమ్మదగిన పరీక్ష కూలెంట్ ట్యాంకు మీద నీలం రసాయనం ఉన్న గొట్టాన్ని పెట్టి, పైన చేరిన వాయువును అందులోంచి పీల్చడం. పేలుడు వాయువు ఉంటే పెట్రోలు ఇంజన్‌లో ఆ నీలం పసుపుగా మారుతుంది. దీంతో పాటు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడటం, ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం, పొద్దున్నే తీపి వాసనతో తెల్లపొగ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

టైమింగ్ బెల్ట్, చైన్, ఆయిల్‌లో మునిగే బెల్ట్

పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసేది టైమింగ్ బెల్ట్ లేదా చైన్. ఇప్పటి ఇంజన్లలో చాలావాటిలో పూర్తిగా తెరుచుకున్న వాల్వు, పైకి వచ్చిన పిస్టన్ ఒకే చోటును పంచుకుంటాయి, వేర్వేరు క్షణాల్లో. బెల్ట్ తెగితే ఆ క్షణాలు కలిసిపోయి పిస్టన్ వాల్వులను గుద్ది వంచేస్తుంది. రబ్బరు బెల్ట్‌కు కంపెనీలు పెట్టే గడువు ఇంజన్‌ను బట్టి 90,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల దాకా, కాలంలో చూస్తే 5 నుంచి 10 ఏళ్ల దాకా ఉంటుంది. ఏది ముందు వస్తే అది వర్తిస్తుంది. తక్కువగా తిరిగే ఇంటి కార్లు దెబ్బ తినేది ఈ రెండో షరతు దగ్గరే. మీటరు మీద 50,000 కూడా దాటకపోయినా పదేళ్ల రబ్బరు పదేళ్ల రబ్బరే.

బెల్ట్ ఒక్కటే మార్చి దాన్ని బిగుతుగా ఉంచే పాత టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ పుల్లీలు అలాగే ఉంచడం పొదుపు కాదు. పుల్లీ బేరింగ్ పట్టేసినా బెల్ట్ జారుతుంది లేదా తెగుతుంది. వాటర్ పంపు అదే బెల్ట్ మీద తిరిగే ఇంజన్లలో దాన్నీ అప్పుడే మార్చాలి, ఎందుకంటే కూలీలో పెద్ద భాగం అక్కడి దాకా విప్పడానికే పోతుంది.

చైన్ అంటే జీవితకాలం అన్న నమ్మకం సగమే నిజం. చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ చాలావరకు ఆయిల్ పీడనంతో పని చేస్తుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చినా, మట్టం తగ్గినా చైన్ లింకులు అరిగి పొడవవుతాయి, ప్లాస్టిక్ గైడ్లు విరుగుతాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు గలగలమని శబ్దం వచ్చి ఆగిపోవడం, స్కానర్‌లో పి0016 లాంటి క్యామ్, క్రాంక్ పొంతన తప్పిన కోడ్ రావడం దీని తొలి గుర్తులు. 2007 నుంచి వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్‌లో చైన్‌ను గేర్‌బాక్స్ వైపు అమర్చారు. భాగం ధర ఎంతైనా, దాన్ని చేరడానికి ఇంజన్ దించాల్సి రావడమే బిల్లును పెంచింది. పాత కారు కొనేవారు ‘చైన్ ఉందా, బెల్ట్ ఉందా’ అని అడిగి ఆగిపోతుంటారు. అది ఎటువైపు ఉందో కూడా అడగాలి.

మూడో రకం ఆయిల్‌లో మునిగి తిరిగే రబ్బరు బెల్ట్. ఘర్షణ తగ్గుతుందని, శబ్దం ఉండదని దీన్ని ఎంచుకున్నారు. ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజన్ దీనికి తెలిసిన ఉదాహరణ. చల్లటి ఇంజన్‌తో చిన్న ప్రయాణాలు ఎక్కువైతే కాస్త పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలు కలిసిన ఆయిల్ రబ్బరును ఉబ్బిస్తుంది, పొరలు ఊడతాయి. ఆ తునకలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే పీడనం పడిపోతుంది. బ్రేకులకు సాయం చేసే వాక్యూమ్ పంపుకు చేరితే పెడల్ బిగుసుకుపోతుంది. 2024లో ఈ కార్ల మాతృసంస్థ స్టెలాంటిస్ ఈ సమస్యకు వారంటీని 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకు పెంచింది, సర్వీసు సక్రమంగా జరిగి ఉండాలన్న షరతుతో. ఆ ఇంజన్ తర్వాతి తరానికి చైన్ పెట్టారు. ఈ రకం ఇంజన్లలో ఆయిల్ గ్రేడ్, దాని మీది ఆమోదపు కోడ్ రెండూ పుస్తకంలో ఉన్నవే అయి ఉండాలి. దగ్గర్లో దొరికిన మరో ఆయిల్ పోస్తే ఇక్కడ బెల్టే దెబ్బతినవచ్చు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులు: మూడు రకాలు, మూడు జబ్బులు

ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు యంత్రాలున్నాయి. ఫిర్యాదులన్నిటినీ కలిపి ‘ఆటోమేటిక్ నమ్మలేం’ అనేయడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది.

ఇంజన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న సంప్రదాయ రకం వీటిలో మొండిది. దాని ప్రధాన శత్రువు పాత ఆయిల్. ‘జీవితకాలం మార్చక్కర్లేదు’ అని కార్ల కంపెనీలు రాసుకున్నా, ఎన్నో కార్లకు గేర్‌బాక్సులు తయారు చేసే జెడ్ఎఫ్ సంస్థే తన యూనిట్లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటోంది. క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడి, వేడికి మందగించిన ఆయిల్ కలిసి, ఆయిల్‌ను క్లచ్‌లకు మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నటి దారులను అడ్డుకుంటాయి. గేరు మారేటప్పుడు కుదుపు, డ్రైవ్‌లో వేశాక ఒక క్షణం ఆలస్యం మొదలైన దశలో ఆయిల్, ఫిల్టర్ మార్పుతో చాలా బాక్సులు కోలుకుంటాయి. జారుడు మొదలై ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే ఆ దశ దాటిపోయినట్టే.

రెండోది డ్యుయల్ క్లచ్, అంటే బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటిగా రెండు క్లచ్‌లున్న రకం. ఇందులో క్లచ్‌లు ఆయిల్‌లో తడిసే రకం, పొడి రకం అని రెండు. పొడి రకం తేలిక, ఇంధనం ఆదా. కానీ ట్రాఫిక్‌లో నడక వేగంతో పాకేటప్పుడు క్లచ్ సగం పట్టి సగం వదులుతూ ఉంటుంది. ఆ వేడిని లాక్కెళ్లే ఆయిల్ అక్కడ ఉండదు. ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్ కార్లలో వచ్చిన పొడి క్లచ్ పవర్‌షిఫ్ట్ బాక్సు వణుకుకు, సీలు లీకుకు, కంట్రోల్ మాడ్యూల్ వైఫల్యానికి పేరుపడింది. ఆ ఫిర్యాదులతో వచ్చిన వారితో వ్యవహరించిన తీరు తప్పని తేలి, 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. లోపం ఉందని తెలిసి కూడా తప్పును డ్రైవింగ్ తీరు మీదికి నెట్టారన్నది అక్కడి ప్రధాన ఆరోపణ. ఫోక్స్‌వ్యాగన్ పొడి క్లచ్ ఏడు గేర్ల డీక్యూ200 బాక్సు విషయంలో 2013 మార్చిలో చైనాలో 3,84,181 కార్లు రీకాల్ అయ్యాయి. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లలో సింథటిక్ గేర్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయాల్సి వచ్చింది. ఇలాంటి కారు చేతిలో ఉంటే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకుండా ముందు కాస్త ఖాళీ ఏర్పడ్డాక కదిలించడం, ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో కాకుండా బ్రేకుతో నిలపడం క్లచ్ ఆయువును నిజంగా పెంచుతాయి.

మూడోది సీవీటీ, అంటే విడి గేర్లు లేకుండా నిష్పత్తిని నిరంతరం మార్చే రకం. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్ట్ తిరుగుతుంది. పుల్లీలు బెల్ట్‌ను నొక్కి పట్టే బలం ఆయిల్ పీడనం నుంచే వస్తుంది. ఒక్కసారి జారినా పుల్లీ ముఖం మీద గీత పడుతుంది, గీత పడ్డ పుల్లీ మళ్లీ జారుతుంది. అందుకే సీవీటీలో చిన్న మరమ్మతులకు ఆస్కారం తక్కువ, మొత్తం యూనిట్ మార్పే ఎక్కువ. 2010లో నిస్సాన్ అమెరికాలో తన సీవీటీ కార్ల గేర్‌బాక్స్ వారంటీని 5 ఏళ్లు, 60,000 మైళ్ల నుంచి 10 ఏళ్లు, 1,20,000 మైళ్లకు రెట్టింపు చేసింది. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోయడం తిరుగులేని తప్పు. దాని ఘర్షణ గుణమే వేరు.

ఆయిల్ తాగే ఇంజన్, డీజిల్ ఫిల్టర్

ఇంధనం ఆదా కోసం పిస్టన్ రింగుల బిగుతు తగ్గించాక ఆయిల్ తాగే ఇంజన్లు ఎక్కువయ్యాయి. రింగుల వెనక ఆయిల్ జారే సన్నటి రంధ్రాలు మసితో మూసుకుపోతే రింగు గోడను సరిగ్గా గీకలేదు. కొన్ని కంపెనీలు వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా ఖర్చయినా మామూలే అంటాయి. ఆ లెక్కన 10,000 కిలోమీటర్ల సర్వీసుకు ఆగితే మధ్యలోనే ఇంజన్ ఎండిపోతుంది. ఆయిల్ లైటు చాలా కార్లలో పీడనం పడిపోయాక వెలిగేది, మట్టం తగ్గినప్పుడు కాదు. ప్రతి వెయ్యి కిలోమీటర్లకు, సమతలం మీద, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడటం కంటే చవకైన బీమా లేదు. పొగ కూడా ఆనవాలు ఇస్తుంది. స్టార్ట్ చేసిన వెంటనే నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, లోడు మీద ఆగకుండా వస్తే రింగులు లేదా టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం).

డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకోవడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఇంటికీ బడికీ మధ్య తిరిగే బండికి అంత వేడి దక్కదు. శుద్ధి సగంలో ఆగిన ప్రతిసారీ, ఆ వేడి పుట్టించడానికి అదనంగా చల్లిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకుండా పెరుగుతుంటే అదే కారణం. ఆ ఆయిల్‌తో టర్బో బేరింగ్‌కు రక్షణ ఉండదు. రోజూ కొద్ది కిలోమీటర్లే తిరిగే కుటుంబానికి డీజిల్ కారు మొదటి నుంచీ తప్పు ఎంపిక. దీనికి మరమ్మతుతో పరిష్కారం లేదు.

ఊహతో భాగాలు మార్చడం

నమ్మలేని కారు మీద పోయే డబ్బులో గణనీయమైన వాటా అసలు పాడవని భాగాలకే పోతుంది. స్కానర్ ఇచ్చే కోడ్‌ను తీర్పుగా చదవడమే దీనికి మూలం. పి0420 అంటే కన్వర్టర్ సామర్థ్యం తక్కువగా కనిపిస్తోందని మాత్రమే. ఎగ్జాస్ట్ లీకు వల్ల, సెన్సర్ తప్పు వల్ల కూడా ఆ కోడ్ రావచ్చు. పి0171 అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని. పగిలిన చిన్న వాక్యూమ్ గొట్టం, మురికిపట్టిన గాలి సెన్సర్, బలహీనమైన పెట్రోలు పంపు, వీటిలో ఏదైనా కావచ్చు. ఒకే సిలిండర్‌లో మిస్సింగ్ ఉంటే కొత్త కాయిల్ కొనేముందు ఆ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. కోడ్ కూడా పక్కకు వెళ్తే కాయిల్‌దే తప్పు. వెళ్లకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసలో చూడాలి.

సంబంధం లేని లైట్లన్నీ ఒకేసారి వెలిగితే మొదట బ్యాటరీ. ఆపి ఉంచిన బండిలో నిండా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తుండగా ఎక్కువ కార్లలో 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. వోల్టేజీ పడినప్పుడు కంప్యూటర్లు తప్పుడు కోడ్‌లు రాసుకుంటాయి, వాటిని నమ్మి ఏబీఎస్ మాడ్యూల్ మార్చినవారున్నారు.

ఇంజన్ పరిస్థితి తేల్చడానికి ప్రతి సిలిండర్‌లో పీడనం కొలిచే కంప్రెషన్ పరీక్ష చాలావరకు సరిపోతుంది. అన్నిటికంటే తక్కువ ఉన్న సిలిండర్ పీడనం, అన్నిటికంటే ఎక్కువ ఉన్నదానిలో 75 శాతం కంటే కిందికి దిగకూడదు. తక్కువ ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, పీడనం పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. ఈ అంకెలు బిల్లు మీద రాయించుకోవాలి. అంకె లేని ‘ఇంజన్ పోయింది’ అన్న మాట మీద ఇంజన్ విప్పనివ్వకూడదు.

తప్పు తయారీదైతే

2015 సెప్టెంబరులో హ్యుందాయ్ అమెరికాలో 2011, 2012 మోడల్ సొనాటాలు సుమారు 4,70,000 వెనక్కి పిలిచింది. తయారీలో క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ దారుల్లో మిగిలిన లోహపు రజను వల్ల కనెక్టింగ్ రాడ్ బేరింగులకు ఆయిల్ అందకపోవచ్చన్నది కారణం. ఆ కార్లలో సకాలంలో ఆయిల్ మార్చినవారి ఇంజన్లు కూడా సీజ్ అయ్యాయి. రీకాళ్ల విషయంలో ఆలస్యం చేశారన్న ఆరోపణల మీద 2020 నవంబరులో హ్యుందాయ్, కియాలు అమెరికా భద్రతా సంస్థతో కలిపి 21 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చాయి.

కాబట్టి పెద్ద బిల్లుకు సరేననేముందు చూడాల్సినవి మూడు. ఒకటి, ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో. రెండు, ఆ ఒక్క భాగానికి పొడిగించిన వారంటీ ఉందేమో. దీన్ని రీకాల్‌లా అందరికీ ప్రకటించకపోవచ్చు, నేరుగా అడిగితేనే చెబుతారు. మూడు, డీలర్లకు కంపెనీ పంపే సాంకేతిక సూచనల్లో ఇదే లక్షణం ఉందేమో. అలా ఉంటే, వారంటీ ముగిసినా కంపెనీ ఖర్చులో వాటా భరించమని అడగడానికి బలమైన ఆధారం దొరికినట్టే.

ఇక్కడ కాగితమే ఆయుధం. వారంటీలో ఉండగా ప్రతి ఫిర్యాదూ జాబ్‌కార్డు మీద లక్షణంగా రాయించాలి. ‘చెక్ చేయాలి’ అని కాకుండా ‘చల్లటి ఇంజన్‌తో రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగం దగ్గర వణుకు’ అని ఉండాలి. సమస్య కనబడలేదని తిప్పి పంపినా ఆ మాటతోనే, మీటరు రీడింగుతో కాగితం తీసుకోవాలి. లోపమున్న కార్లపై ప్రత్యేక చట్టాన్ని అమెరికాలో మొదట 1982లో కనెటికట్ తెచ్చింది. ఇలాంటి చట్టాలు సాధారణంగా ఒకే లోపానికి ఎన్నిసార్లు మరమ్మతు జరిగింది, బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంది అన్నవే లెక్కిస్తాయి. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద లోపమున్న వస్తువును మొదటి 30 రోజుల్లో తిరస్కరించవచ్చు. ఆ తర్వాత ఒక మరమ్మతు విఫలమైతే తిరస్కరించే హక్కు ఉంటుంది. ఏ దేశంలోనైనా కాగితం మీద లేని మరమ్మతు ఈ లెక్కలోకి రాదు.

బాగు చేయించాలా, అమ్మాలా

మరమ్మతు ఖర్చు కారు విలువలో సగం దాటితే వదిలేయాలన్న సూత్రం బాగా ప్రచారంలో ఉంది. అది తప్పుదారి పట్టిస్తుంది. పోల్చాల్సింది పాడై ఉన్న కారు ధర, బాగైన కారు ధర మధ్య తేడాను. బాగున్న స్థితిలో కారు విలువ 100 అనుకుంటే, ఇంజన్ పోయిన స్థితిలో అది 35కే అమ్ముడుపోవచ్చు. మరమ్మతుకు 60 అవుతుంటే సగం సూత్రం వద్దంటుంది. కానీ ఆ 60తో విలువ 65 పెరుగుతోంది. అదే గేర్‌బాక్స్ కూడా జారుతున్న కారైతే, ఇంజన్ మార్చినా విలువ 60 దాటదు. అప్పుడు 60 పెట్టి 25 తెచ్చుకున్నట్టు. ఇప్పటిదాకా దాని మీద పోసిన డబ్బుకు ఈ లెక్కలో చోటు లేదు. ‘ఇంత పెట్టాం కదా’ అన్న బాధ నిజమే అయినా, అది తర్వాతి బిల్లుకు కారణం కాకూడదు.

రెండో పోలిక వచ్చే ఏడాది ఖర్చులది. మరో కారు కొంటే విలువ తరుగుదల, అప్పు మీద వడ్డీ, పెరిగే బీమా ఏటా తప్పవు. కొత్త కారు మొదటి ఏడాదిలోనే విలువలో ఐదో వంతు దాకా కోల్పోవడం మామూలు. ఆ మొత్తం కంటే పాత కారు ఏడాది మరమ్మతులు తక్కువైతే డబ్బు పరంగా పాతదే నయం. అయితే ఇంటి కారుకు డబ్బు ఒక్కటే కొలత కాదు. రాత్రిపూట హైవే మీద పిల్లలతో, పెద్దవాళ్లతో ఆగిపోయే అవకాశం ఉన్న లోపానికి, కిటికీ మోటారు పోవడానికి ఒకే విలువ కట్టలేం. నడుస్తూ ఇంజన్ ఆగే, బ్రేకు సాయం పోయే, స్టీరింగ్ బిగుసుకునే లోపాలకు రెండు ప్రయత్నాల తర్వాత కూడా కారణం దొరకకపోతే, లెక్క ఎటు మొగ్గినా ఆ బండిలో కుటుంబాన్ని ఎక్కించకూడదు.

పెద్ద పని చేయిస్తే వదలకూడనివి

మార్చిన ఇంజన్ లేదా గేర్‌బాక్స్ ఏడాది తిరక్కుండా మళ్లీ పోవడానికి కారణం ఎక్కువగా పాత చెత్త వ్యవస్థలో మిగిలిపోవడమే. గేర్‌బాక్స్ మారిస్తే ఆయిల్ కూలర్‌ను కూడా మార్చాలి, కనీసం దారులను పూర్తిగా కడగాలి. పాత బాక్సు రాల్చిన లోహపు పొడి అక్కడే దాగి ఉంటుంది. టర్బో మారిస్తే దానికి ఆయిల్ తెచ్చే గొట్టం కొత్తది వేయాలి, తిరిగి వెళ్లే గొట్టం శుభ్రం చేయాలి, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ వంపేయాలి. మసి కట్టిన పాత గొట్టంతో బిగించిన కొత్త టర్బో నిమిషాల్లో దెబ్బతినవచ్చు. హెడ్ గ్యాస్కెట్ పనిలో హెడ్‌ను స్కేలుతో కొలిచి, అవసరమైతే మెషిన్ షాపులో చదును చేయించి, పగుళ్లకు పీడన పరీక్ష పెట్టాలి. సాగే రకం హెడ్ బోల్టులు మళ్లీ వాడకూడదు. వాడిన ఇంజన్ కొని వేయించేటప్పుడు అది బయట ఉండగానే టైమింగ్ సెట్, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంక్ వెనక సీలు, ప్లగ్గులు మార్చాలి. లోపల బిగించాక వెనక సీలు కారితే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి.

మొదటి స్టార్ట్‌కు ముందు ఇంధనం ఆపి స్టార్టర్ మీద తిప్పి ఆయిల్ పీడనం వచ్చాకే ఇంజన్ వెలిగించాలి. కూలింగ్ వ్యవస్థలో గాలి పూర్తిగా తీయాలి, ఎందుకంటే హెడ్‌లో చిక్కిన గాలి బుడగ చుట్టూ లోహం స్థానికంగా కాలిపోతుంది. మొదటి ఆయిల్ 1,000 కిలోమీటర్లకే మార్చి, తీసిన ఫిల్టర్‌ను కోసి మడతల్లో మెరుపు ఉందేమో చూడాలి. మెరిసే రజను కనిపిస్తే షెడ్డు ఇచ్చిన వారంటీ గడువులోనే బండిని అక్కడికి తిరిగి చేర్చాలి.